గేటు నుంచి ఎడమకి

రాజోలు దాటి నేను వెళ్లింది తక్కువ. మోకాళ్లు ఒప్పుకోవు, బస్సు వాసన అసలే పడదు. అయినా రిటైరయ్యాక చాలా దేశాలు తిరిగాను. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, అందులో కనబడే వీధుల ఫొటోల్లో వేలితో జరుపుకుంటూ పోవడం, నచ్చిన చోట ఆగి నీటిరంగుల్లో వేసుకోవడం. డ్రాయింగ్ టీచరుగా ఉన్నన్నాళ్లూ పిల్లల చేత కొబ్బరిచెట్టూ కాలవా పడవా వేయించి వేయించి, వాటి మొహం చూస్తేనే ఒళ్లు మండే స్థితికి వచ్చాను. చర్చి దగ్గర కనబడినవాళ్లు "టీచర్ గారూ, ఈ వారం ఏ దేశం వెళ్లేరండీ?" అని ఆటపట్టించేవారు. మంచు పడుతోంది, స్వెట్టర్ మర్చిపోయానని చెప్పేదాన్ని.

అది విని మా పక్కింటావిడ ఒక సాయంత్రం రొయ్యలు ఒలిచే పని నుంచి షెడ్డు వ్యాన్ దిగి తిన్నగా మా ఇంటికే వచ్చింది. ఆవిడ చెల్లెలు గల్ఫ్‌లో ఒకరింట్లో పనికి కుదిరింది. దిగిన రోజున ఆ పిల్ల పంపిన లొకేషన్ అక్క ఫోన్‌లో ఇంకా ఉంది.

"మా చెల్లి ఉండే ఇల్లు వేసిపెట్టండి, గోడకి పెట్టుకుంటాను. అదెక్కడుంటుందో తెలీక అన్నం సయించట్లేదండీ."

తెరిచి చూశాను. ఎత్తైన తెల్ల ప్రహరీ, ఇనప గేటు, మేడ మీద తెరలు దించిన కిటికీలు. మిట్టమధ్యాహ్నం ఎండ. వీధిలో పురుగైనా లేదు. నాకా ఇల్లు నచ్చలేదు. అంత పెద్ద గేటుకి మనిషి పట్టే చిన్న తలుపైనా లేదు. మరీ బోసిగా ఉందని ఆవిడ అంటే, గోడ మీద కాగితంపూల తీగ ఒకటి పాకించి ఇచ్చాను.

శుక్రవారాలు ఆ ఇంటి మేడం తన ఫోన్ ఇచ్చి, సోఫాలో కాస్త ఎడంగా కూర్చుని, ఆ పిల్లని వీడియో కాల్లో మాట్లాడనిచ్చేది. ఆ శుక్రవారం నేనూ వెళ్లాను. అక్క బొమ్మ చూపించింది.

"ఎవరిల్లక్కా ఇది?" అంది పిల్ల.

అంతా నా కాగితంపూల మహిమేనని నవ్వుకున్నాం. ఆ పిల్లా నవ్వింది. ఆ నవ్వు చెరగకుండానే చెప్పింది.

"బయట్నుంచి నేనెప్పుడూ చూళ్లేదక్కా. చీకట్లో కారులో తెచ్చేరు. అప్పట్నించీ గడప దాటనివ్వలేదు. పాస్‌పోర్టూ ఫోనూ లాగేసుకున్నారు. కొడతన్నారక్కా. నువ్వు నవ్వుతానే ఉండు, మేడం చూస్తా ఉంది."

మేము నవ్వుతూనే ఉన్నాం. నా దవడలు నొప్పెట్టాయి.

"కారు వెళ్లేటప్పుడు గేటు కాసేపు తీసుంటది. బయటికొస్తే రోడ్డు ఎటుందో టీచర్ గారిని వేసి చూపించమను."

ఆ పిల్లని పంపిన ఏజెంటుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆఫీసులకి పెట్టిన అర్జీలకి జవాబు లేదు. మిగిలింది నా కుంచె. ఇన్నాళ్లూ వీధుల్లో వెలుగునీడలు వెతికిన దాన్ని, ఆ వీధిలో దారి వెతికాను. గేటు నుంచి ఎడమకి. పచ్చ చెత్తడబ్బా, దాని తర్వాత నీళ్ల ట్యాంకు. అక్కడ కుడికి తిరిగితే మూలమీద చిన్న హోటల్, బోర్డు మీద మలయాళం అక్షరాలు. ఆ గుండ్రటి అక్షరాలు చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఆ ఎడారిలో కేరళవాళ్లంటే మనవాళ్ల కిందే లెక్క.

కానీ మా బొమ్మల ముచ్చట చూసి మేడం దగ్గరికి జరగడం మొదలెట్టింది. తన వీధిని తను గుర్తుపట్టదా? చివరికి రోడ్డుని కాలవ చేశాను. గోడలు కొబ్బరితోట, చెత్తడబ్బా పచ్చ పడవ, నీళ్ల ట్యాంకు గడ్డిమేటు, హోటల్ పెంకుటిల్లు. మలుపులు మాత్రం వెంట్రుకవాసి కదపలేదు. వారానికో బొమ్మ అక్క పట్టుకుని తెలుగులో విడమర్చేది. "పచ్చ పడవంటే చెత్తడబ్బా. గడ్డిమేటు దగ్గర కుడికి." మేడం ఫోన్‌లోకి తొంగిచూసి బొటనవేలు ఎత్తి మెచ్చుకునేది. నా బొమ్మల్ని అంత శ్రద్ధగా చూసినవాళ్లు ఈ చుట్టుపక్కల ఎవరూ లేరు.

మ్యాప్‌లో ఫొటోలు ఎన్నో ఏళ్ల కిందటివి, హోటల్ ఉందో లేదో తెలియదు అని ముందే చెప్పించాను.

"రోడ్డెక్కడికీ పోదు కదండీ," అంది పిల్ల. ఆ రోజు పెదవి చిట్లి ఉంది.

తర్వాతి ఫోన్ శుక్రవారం రాలేదు. మంగళవారం వచ్చింది. తెర మీద మేడం ఒక్కతే. వెనకాల గదిలో మగవాళ్లు అరుచుకుంటున్నారు. ఆవిడ చేత్తో చతురస్రం గీసి చూపిస్తూ "పెయింటింగ్, పెయింటింగ్" అంది. అక్క బొమ్మలన్నీ తెచ్చి నా ఒళ్లో పడేసింది. నేనే ఒక్కొక్కటీ పట్టుకున్నాను. పచ్చ పడవ. గడ్డిమేటు. మలుపు దగ్గర ఆవిడ చాలాసేపు ఆగింది. వేలు ఎడమకి కదిపింది, తర్వాత కుడికి. నా వైపు ఒకసారి చూసి ఫోన్ పెట్టేసింది.

"చెల్లి బయటపడిందండీ," అంది అక్క. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "ఆవిడకి తెలిసిపోయిందంటారా?"

తెలిసిపోయిందనే నా భయం.

అక్క నా ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది. "ఓసారి ఆ వీధి తియ్యండి, కనబడుద్దేమో."

అది ఎప్పటి వీధో అక్కకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా తెరిచాను. అదే మిట్టమధ్యాహ్నం, అదే తెల్ల గోడ. గేటు దగ్గర మొదలుపెట్టి ఎడమకి జరపసాగాను.

"మెల్లిగా, టీచర్ గారూ," అంది అక్క నా భుజం మీదుగా వంగి. "దాటేస్తామేమో."