ఇంకో వారం

మా మేనమామకు గజపతినగరంలో బియ్యం మిల్లు ఉండేది. యుద్ధం రోజులు కావడంతో ఇంజనులో పోసే ఆయిలు దొరకడం గగనమైపోయింది. అందుకని ప్రతి సోమవారం ఇంజనులోంచి ఒక చుక్క తీయించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసేవాడు. గరుకు తగిలితేనే మార్చడం. వేళ్ల మధ్య జారిందంటే, ఎంత నల్లబడినా సరే, ఒకటే మాట: "ఇంకో వారం లాగుతాదిరా."

పిసినారితనం అనను. తన వేళ్లమీద ఆయనకు అంత నమ్మకం.

అత్తయ్యకు జ్వరం వచ్చినప్పుడూ నుదురు తాకి చూసి, "ఏటంత వేడి లేదు. ఇంకో వారం సూద్దుం" అన్నాడు. వారం తిరక్కుండానే అత్తయ్య పోయింది.

ఆ తర్వాత కూడా చుక్క తీయించి నలిపేవాడు. నలుపుతూ ఉండిపోయేవాడే తప్ప ఆ మాట వచ్చేది కాదు. "ఆయిలు బాగానే ఉన్నాది బాబూ!" అని ఇంజను నడిపే మనిషి మొత్తుకున్నా, అంత కరువులోనూ "పారబొయ్యి" అనేవాడు.

ఒకసారి నాకు ఒళ్లు కాస్త వెచ్చబడింది. మామయ్య నా నుదురు తాకి, ఆ వేళ్లనే ఒకదానితో ఒకటి నలుపుకున్నాడు. సాయంత్రం రైలు దాకా కూడా ఆగలేక బండి కట్టించి, విజయనగరం ఆసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టరమ్మ నన్ను చూసి నవ్వింది. "ఉత్త జలుబండీ. రెండు రోజులు ఆగి చూడలేకపోయారా?"

మామయ్య తన వేళ్లకేసి చూసుకున్నాడు.

"ఒకపాలి ఆగి సూసినానమ్మా."