నైటీ మీద తువ్వాలు

నిన్న మా కోడలు పాత బట్టలు చింపి మసిగుడ్డలు చేస్తోంది. నీలం పూల నైటీ చేతిలోకి తీసుకోగానే "అమ్మాయ్, అది ఉంచు" అన్నాను. పూలు వెలిసిపోయాయి, భుజం దగ్గర చిల్లు కూడా పడింది. "ఇదెందుకత్తయ్యా?" అంది. ఎందుకో చెప్పాలంటే ముందు నా కాలు సంగతి చెప్పాలి.

భవానీపురంలో పై వాటాలో మేము, కింద వాటాలో మా తోడికోడలు వాళ్లు. నీళ్ల మోటారు ఎవరెప్పుడు వెయ్యాలన్న దగ్గర మా ఇద్దరికీ మాటలు పోయాయి. ఆ రోజుల్లోనే నేను బాత్రూములో జారి కాలు విరగ్గొట్టుకున్నాను. పిండికట్టుతో వారాల తరబడి మంచం మీదే. కట్టు విప్పాక పిక్క ఒకటే వాచింది. కదలక పట్టేసిందనుకుని, నువ్వుల నూనె వెచ్చచేసి మా ఆయన చేత రుద్దించుకున్నాను. పెళ్లయ్యాక ఆయన నా కాళ్లు పట్టింది అప్పుడే. ఆ ముచ్చట ఎంత పని చేసేదో చూడండి.

ఒక ఉదయం పప్పుకి పోపు వేస్తుంటే ఊపిరి సగంలోనే ఆగింది. గాలి పీలిస్తే పక్కటెముకల కింద కత్తి దిగినట్టు నొప్పి. గ్యాస్ అనుకున్నాం. మన ఇళ్లలో గుండెకీ గ్యాసే, దిగులుకీ గ్యాసే కదా. ఆయన వాము నీళ్లు కాస్తున్నారు. అంతలో మోటారు గురించి దెబ్బలాడటానికి తోడికోడలు మెట్లెక్కి వచ్చింది. జవాబివ్వబోయి రెండు మాటలకే రొప్పాను. ఆవిడ గొడవ మరిచి నీలంగా మారిన నా పెదాలకేసి చూసింది.

"బావగారూ, వాము తర్వాత. ఆటో పిలవండి."

"చీర మార్చుకుని వస్తా" అన్నాను. నైటీతో వీధి గుమ్మం దాటినదాన్ని కాదు నేను.

"పేరంటానికా? పద!" అని నా భుజాల మీద తువ్వాలు కప్పి, దాదాపు ఎత్తుకుని దింపింది.

గవర్నర్‌పేట దాకా, ఆ ట్రాఫిక్‌లో, నా చెయ్యి వదల్లేదు. "మాట్లాడకక్కా, ఊపిరి దాచుకో" అంటూనే ఉంది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి స్కాన్ తీశారు. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి పోయి అడ్డుపడిందట. వెంటనే మందు ఎక్కించారు. "పిక్క వాచినప్పుడే రావాల్సిందమ్మా. అలా రుద్దకూడదు. ఆయాసం రాగానే తెచ్చారు కాబట్టి దక్కారు, ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదు" అన్నారు డాక్టరు. మా ఆయన తన అరచేతులు చూసుకుంటూ నిలబడిపోయారు. ఆ తర్వాత ఆయన నూనె సీసా ముట్టలేదు.

మోటారు గొడవ ఇంకా తెగలేదు. మొన్న కూడా ఆవిడ కిందనుంచి అరిచింది, పైనుంచి నేనూ అరిచాను, ఎక్కడా ఊపిరి ఆగకుండా. చీర కట్టుకోవడానికి పట్టేది కాసేపే. ఆ కాసేపు ఆవిడ నన్ను ఆగనివ్వలేదు. అప్పుడు మిగిలిన ఆ కాసేపట్లోనే నేనింకా బతుకుతున్నాను.