వఫ్రా నుంచి సరిహద్దుకు, గట్టి షాకులతో

ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిన మూడో వారానికి మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, సౌదీ వెళ్ళిపోయాడు. వఫ్రా తోటలో మిగిలింది నేను, తోటపని చేసే ఓబులేసు, అతని భార్య రమణమ్మ. ఆమె కఫీల్ ఇంట్లో వంట చేసేది. అప్పటికి ఆమెకి ఏడో నెల. నేను దోసకాయల పికప్ డ్రైవర్ని. సౌదీ సరిహద్దు దగ్గరే, కానీ అటు పోయే తారు రోడ్డు నిండా సైనికులు. ఇసుక దారే గతి. కుదుపులు ఆపే వెనక షాకులు రెండూ నూనె కారి చచ్చిపోయాయి కాబట్టి ముందు మెకానిక్ షెడ్లుండే అల్ రాయ్ పోవాల్సి వచ్చింది.

పొద్దున ఆరింటికి బయలుదేరాను. అబూ హలీఫా దగ్గర సైనికులు ఆపి రెండు పెట్టెల దోసకాయలు దించుకున్నారు. తొమ్మిదిన్నరకి అల్ రాయ్ చేరాను. షెడ్లన్నీ మూసేశారు. రాయచోటి మెకానిక్ మస్తాన్ షట్టరు ఒక్కటే సగం ఎత్తి ఉంది. చక్కెర అయిపోయిందని టీకి బదులు నీళ్ళిచ్చాడు.

రెండు జతలు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి కొత్తది, లావుది, గ్యాస్ నింపినది. రెండోది ఎవరిదో షికారు బండి నుంచి ఊడదీసిన పాత నూనె షాకులు. నొక్కితే మెత్తగా దిగాయి. ఆ మెత్తవి ఎండకి కాగి దారి మధ్యలో చేతులెత్తేస్తే ఏం గతి అన్నది నా భయం. పైగా ఏది కొన్నా గట్టిదే మంచిదని పెరిగినవాణ్ణి.

“బండిలో ఏమేసుకోని పోతావన్నా?” అని అడిగాడు మస్తాన్.

మనుషుల్నన్నాను.

“అయితే మెత్తవి ఏసుకో. షాకు బరువు మోయదు, ఊపును ఆపుతాది, అంతే. ఖాళీ బండికి ఆ గట్టివి ఏస్తే రాయి మీద కూచున్నట్టే.”

పదిహేనేళ్ళుగా స్టీరింగు పట్టినవాడికి చెప్పొచ్చాడులే అనుకుని గట్టివే బిగించమన్నాను. బిగించాడు. డబ్బు వద్దని, మిగిలిన దోసకాయలు ఉంచుకున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి కదిలాం. ఇసుకలో దిగబడకూడదని సామానంతా దించేశాను. వెనక ఒక పరుపు, దాని కింద ఖాళీ ఎరువు సంచులు. రమణమ్మ కూర్చోలేనంటే పరుపు మీద పడుకోబెట్టాం. పక్కన ఓబులేసు. టైర్లలో సగం గాలి తీసేశాను.

ఐదున్నరకి మెత్తటి ఇసుక అయిపోయి, సిమెంటు రేకులా మడతలు మడతల నేల వచ్చింది. బండి వెనకభాగం ఎగిరెగిరి పడింది. నిదానించినా ఆగలేదు. రమణమ్మ మూలుగు వినిపించి ఆపాను. పొట్ట రెండు చేతులా పట్టుకుని ఉంది.

“ఇంతసేపూ కదుల్తాండె అన్నా. ఇప్పుడు కదల్లా,” అంది.

మస్తాన్ మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. ఓబులేసు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దోసకాయలు నిండుగా ఉన్నప్పుడు ఈ బండి ఇట్లా ఎగరదు గదా అన్నాడు. అది నాకు తెలియాల్సిన సంగతి. ఎరువు సంచులు లాగి చేతుల్తోనే ఇసుక నింపాం, పన్నెండు సంచులు. బండి కుంగి కుదురుగా కూర్చుంది. అక్కణ్ణుంచి నడక వేగంతో పోయాం. బరువుకి రెండుసార్లు దిగబడితే తవ్వి బయటకు తీశాం. పదకొండింటికి సౌదీ కాపలావాళ్ళు కనిపించారు.

వాళ్ళ శిబిరంలో డాక్టరు లేడు. నీళ్ళు, రొట్టె ఇచ్చి, మూడింటికి దమ్మామ్ బస్సు ఎక్కించారు. అక్కణ్ణుంచి విమానంలో బొంబాయి పంపుతామన్నారు. పికప్‌ని ఇసుక సంచులతో సహా అక్కడే వదిలేశాను.

బస్సు తారు మీద మెత్తగా పోతోంది. ఒళ్ళు పులిసిపోయి ఉన్నా కన్ను మూతపడలేదు. ఎడారికి బండి సిద్ధం చేసుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. షాకులు ఎంచేటప్పుడు ఇసుకని తర్వాత చూడండి, ముందు వెనక పడుకునేది ఎవరో చూడండి.

ఐదు దాటాక వెనక సీటు నుంచి రమణమ్మ నా భుజం తట్టింది.

“తన్నిందన్నా,” అంది.

నేను వెనక్కి తిరగలేదు. కిటికీ వైపు ముఖం పెట్టుకుని దమ్మామ్ దాకా ఏడుస్తూనే ఉన్నాను.