కాళ్ళు చూడమనేవాడు

అన్న పోయాడని మొన్న శుక్రవారం పొద్దున వదిన ఫోన్ చేసింది. ఇంటి వైపు నుంచి వేళ కాని వేళ ఫోన్ మోగితే నాకు ఎత్తడానికి చెయ్యి రాదు. మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. "మీ అన్న లేడు తమ్మీ," అని ఆమె ఒక్క మాటే అంది. వెనక నుంచి ఏడుపులు వినిపించాయి. ఇక్కడ దోహాలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు దగ్గరపడి వీధి వీధికీ దేశదేశాల జెండాలు కడుతున్నారు. నేను ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గర వాటినే చూస్తూ నిలబడిపోయాను.

మాకు రక్తసంబంధం ఏమీ లేదు. దోహాలో నజ్మా అనే పేటలోని ఒక పాత ఇంట్లో కంపెనీ ఇచ్చిన రూమ్‌లో కింది మంచం ఆయనది, పై మంచం నాది. ఇద్దరిదీ నిజామాబాద్ జిల్లానే. స్టేడియం పనిలో పరంజా కట్టే జట్టుకు ఆయన ఫోర్‌మన్, నేను కింద నుంచి పైపులు అందించేవాణ్ణి. వయసులో ఉన్నప్పుడు ఆయన జిల్లా తరఫున బాక్సింగ్ ఆడాడు. ముక్కు కొంచెం పక్కకు ఒరిగి ఉండేది, గురక కూడా ఆ పక్క నుంచే వచ్చేది.

శుక్రవారాలు మా రూమ్‌లో బాక్సింగ్ సినిమాలే. మాతో ఉండే హైదరాబాద్ భాయ్ నమాజు చేసుకుని వచ్చేసరికి నేను అన్నం వండి ఉంచేవాణ్ణి. ముగ్గురం కంచాలు ఒళ్ళో పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్ళం. సినిమా భాయ్ ఎంచేవాడు, తప్పులు అన్న ఎంచేవాడు. ఆయన పక్కన కూర్చుంటే ఏ హీరోకీ మర్యాద దక్కేది కాదు.

"సూడు, దెబ్బ రాకముందే కండ్లు మూసిండు," అనేవాడు. "గుద్దు నడుముల నుంచి రావాలె. ఈడు ఉత్త చెయ్యే ఊపుతుండు, ఈగలు తోలినట్టు."

"హీరో హై భాయ్, అట్లనే ఉంటది," అని భాయ్ వాదించేవాడు. "హీరో పడిపోతే పిక్చర్ ఖతం!"

కండలు పెంచిన నటులంటే అన్నకు మహా చిరాకు. ఆయనకు నచ్చినవాడు ఒక్కడే. మాలో ఎవరికీ రాని భాషలో ఏదో పాత సినిమా, పేరు కూడా గుర్తు లేదు. అందులో నటుడు పోటీ గెలిచి గదిలోకి వచ్చి కూర్చుని, బూటు లేసు విప్పుకోలేక వేళ్ళతో తడుముకుంటాడు. అన్న అన్నం కలపడం ఆపేశాడు. "గీయన ఎన్నడో ఒకనాడు నిజంగ దెబ్బలు తిన్నడు," అని, ఆ ముక్క మళ్ళీ వేయించుకుని చూశాడు.

"నటులు దెబ్బ తగిలినట్టు యాక్టింగ్ చేస్తరు. నిజంగ తగిలినోడు తగలనట్టు చేస్తడు," అని ఆ రోజే చెప్పాడు. "మొఖం సూడకు తమ్మీ, అది అబద్ధమాడుతది. కాళ్ళు సూడు. తల తిరిగినోడు కాళ్ళు ఎడంగ పెడ్తడు, మడిమె లేవదు."

ఇక ఓటమే అని కోచ్ రింగులోకి టవల్ విసరబోతే హీరో వద్దని చెయ్యి చూపించే సీను వస్తే మాత్రం నవ్వేవాడు. "నిజంల ఏ కోచ్ ఆగడు. మా కోచ్ ఒకసారి ఏసిండు. చానా దినాలు ఆయనతోని మాట్లాడలే నేను. కని గాయ్న టవల్ ఏసిండు గనకనే గిప్పుడు మీతోని కూసోని బువ్వ తింటున్న."

ఈ మాటలు వినోదానికి విన్నాను. తర్వాత అవే నన్ను నిద్రపోనివ్వలేదు.

సైట్‌లో రోజూ పని మొదలుపెట్టే ముందు అందరినీ నిలబెట్టి, ఎవరికైనా ఒంట్లో బాగా లేదా అని సేఫ్టీ ఆఫీసర్ అడుగుతాడు. ఎవరూ చెయ్యెత్తరు. ఎత్తితే మెడికల్ అంటారు, మెడికల్‌లో తేడా వస్తే ఇంటికి పంపేస్తారు. ఒక ఎండాకాలం పొద్దున అన్న ఎప్పటిలాగే గడ్డం పైకెత్తి నిలబడ్డాడు, తర్వాత పరంజా ఎక్కాడు. పైన ఒక చోట ఆగి, పైపు పట్టుకుని, నవ్వుతూ "యల్లా, యల్లా" అని నన్ను తొందరపెట్టాడు. నవ్వులో ఏ తేడా లేదు. ఎందుకో కాళ్ళు చూశాను. ఎడంగా ఉన్నాయి, మడమలు పలకకు అతుక్కుని ఉన్నాయి.

దిగాక అడిగాను. "అన్నా, చక్కర్ వస్తుందా?"

"మాఫీ," అన్నాడు, ఏమీ లేదని అరబ్బీలో. తర్వాత నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఎవలకు జెప్పకు. గీ స్టేడియం అయిపోనీ. గా పైన కుర్చీల కూసోని ఒక్క ఆట సూసి పోత."

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా ఉంది. ఇక నాకు ముద్ద దిగలేదు. ఆయన పైకి ఎక్కినప్పుడల్లా కాళ్ళ మీదే నా చూపు ఉండేది. చేతిలో పైపు ఉండగా పైకే చూస్తూ ఉంటే పక్కవాళ్ళు తిట్టేవాళ్ళు. చెబితే ఆయన ఆశ పోతుంది, చెప్పకపోతే ఆయనే పోతాడు. పెట్టెలో ఇంటికి చేరినవాళ్ళ కబుర్లు మా రూమ్‌లలో ఎప్పుడూ వినబడుతూనే ఉంటాయి. వదినకు ఆ ఫోన్ నేనే చెయ్యాల్సి వస్తుందేమోనని భయం. చివరికి భాయ్‌తో కూడా చెప్పకుండా సేఫ్టీ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళి చెప్పేశాను.

ఆయన్ని కిందికి దించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గుండె సరిగ్గా కొట్టుకోవడం లేదన్నారు, ఎత్తు మీద పని ఇక కుదరదని ఇంటికి టికెట్ ఇచ్చారు. చెప్పింది నేనేనని ఆయనకు తెలిసిపోయింది. సామాను సర్దుకుంటున్నంతసేపూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వ్యాన్ ఎక్కేటప్పుడు భాయ్‌ని కావలించుకున్నాడు, నన్ను దాటి వెళ్ళిపోయాడు. చేసింది సరైనదేనని తెలిసి కూడా ఏడ్చాను.

ఎన్నో నెలల తర్వాత ఒక శుక్రవారం ఫోన్ మోగింది. భయపడుతూనే ఎత్తాను. "తిన్నవా?" అన్నాడు. అంతే. అక్కడి నుంచి ప్రతి శుక్రవారం చేసేవాడు, ఏ సినిమా చూశామో అడిగి, చూడకుండానే నటుణ్ణి తిట్టేవాడు.

పోయిన ఏడాది సెలవుకు వెళ్ళినప్పుడు ఆయన ఇంటికి వెళ్ళాను. సన్నబడ్డాడు. నన్ను లోపలికి పిలిచి, "నన్ను ఓడగొట్టినోడు వీడే," అని వదినకు చూపించాడు. ఆమె నాకు అన్నం పెట్టింది. నేను వద్దు వద్దని చెయ్యి అడ్డం పెడుతున్నా, ఆ చేతిని పక్కకు జరిపి కంచంలో ఇంకో గరిటె కూర వేసింది. ఆయన దోహా వెళ్ళాక పుట్టిన పాప, మొదట్లో ఆయన్ని చూసి కొత్త మనిషని ఏడ్చేదట. ఆ మధ్యాహ్నం మంచం మీద ఆయన వెల్లకిలా పడుకుంటే, ఎక్కి ఆయన ఛాతీ మీద చెంప ఆనించి నిద్రపోయింది. ఊపిరి తీసినప్పుడల్లా పాప తల మెల్లగా పైకి లేచేది, మళ్ళీ దిగేది. దిగిన ప్రతిసారీ, మళ్ళీ లేచేదాకా నేను ముద్ద నోట్లో పెట్టుకోకుండా చూస్తూ కూర్చున్నాను.