ఐరేని కుండల మీది బంతిపూలు

మా తల్లిగారిది నిర్మల్ దిక్కు. నన్నిచ్చింది కరీంనగర్ దిక్కు, అదీ కుమ్మరింటికే. రెండిండ్లల్ల అదే సారె, అదే మన్ను, గని రంగులేసే తీరు వేరు. మా అవ్వ కాల్చని పచ్చికుండ మీదనే తెల్లమన్నుతోని ముగ్గులేసి, తర్వాత ఆవంల పెట్టి కాల్చేది. గా తెలుపు కుండ పలిగేదాక పోకపోయేది. మా అత్తనేమో కాలినంక సున్నం, పసుపు పూసేది.

మా దిక్కు కుమ్మరింటి నుంచి, పందిట్ల పూజకు పెట్టే ఐరేని కుండలు పోకుంటె లగ్గం కాదు. ఆడోళ్లు డప్పులతోని వచ్చి, అత్త ఒడిల బియ్యం పోసి, రవికెబట్ట పెట్టి, కుండలు నెత్తిన ఎత్తుకొని పోతరు. ఒక ఎండకాలం సాలోళ్లింటి పెద్దబిడ్డ లగ్గంల గట్ల పోతుంటె వాన దంచికొట్టింది. సున్నం, పసుపు కారి కొత్తచీరలన్ని మరకలైనయి. ఇంట్ల మగ్గం మీద సొంతంగ నేసుకున్న చీరలాయె.

మరుసటేడు చిన్నబిడ్డ లగ్గం కుదిరింది. పిల్ల తల్లి మా వాకిట్ల నిలవడి, "ఓ వదినె, ఈపారి గొడుగు నీ కుండలకు పట్టాల్నా, మా చీరలకు పట్టాల్నా?" అన్నది.

"వాన నేను కొట్టిచ్చిన్నానే?" అన్నది అత్త.

"రంగు నిలిచేటియి ఇస్తె ఇయ్యి. లేకుంటె పక్కూరి కుమ్మరోళ్లకు చెప్పుకుంటం."

అత్త మొకం ఇంత చిన్నగైంది. ఆ ఇంటి లగ్గాలకు ఆమె అత్త కాలం నుంచి మా కుండలే. నేనే జర ధైర్నం చేసి, "అత్తా, మా అవ్వ తీరుగ చేస్త" అన్న.

"మీ అవ్వది వట్టి తెలుపే గదనే. లగ్గం కుండకు పసుపు లేకుంటె ఎట్ల?"

"పసుపుమన్ను తెస్త."

వాగొడ్డుకు పోయి పసుపుమన్ను, తెల్లమన్ను తవ్వుకొచ్చి, నానవెట్టి, బట్టల వడగట్టిన. ఈతపుల్ల కొస నమిలి కుంచె చేసుకొని కుండకుండకు బంతిపూలేసిన. ఒక్క కుండ మీద చెయ్యి జారి పువ్వు పాడైంది. అది కనవడకుంట కుండంత తెల్లమన్ను పూసి, దాని మీద మల్ల పూలేసిన.

ఆవం ఇప్పిననాడు మా ఇంటాయన బూడిద తీసుకుంట, "పూలేవే?" అన్నడు. చూస్తె అన్ని బోసి కుండలే. పసుపుమన్ను మంటల వడితె ఎర్రగైతదని నాకేం ఎరుక? ఎర్రకుండల ఎర్రపూలు కలిసిపోయినయి.

"బంతిపూలు ఆవం బుక్కిందా పిల్లా?" అన్నది అత్త.

ఆఖర్ల తీసింది తెల్లమన్ను పూసిన కుండ. పాలోలె తెల్లగున్నది, దాని మీద ఎర్రటి బంతిపూలు ఇప్పుడే తెంపుకొచ్చినట్టున్నయి. అత్త చెంబెడు నీళ్లు గుమ్మరించింది. కొంగుతోని రుద్దింది. కొంగు చూసుకున్నది. మల్ల రుద్దింది.

"పసుపు లేదు గద అత్తా" అన్న మెల్లగ.

"కుండ మెడకు పసుపుకొమ్ము కడుదం తియ్యి. లగ్గానికింక దినాలున్నయి. మన్ను తొక్కుండ్రి!" అన్నది.

మామ సారె తిప్పిండు. పచ్చికుండలు ఆరినంక అత్త తెల్లమన్ను పూసింది, నేను పూలేసిన.

డప్పులు వాకిట్లకు రానే వచ్చినయి. ఆనాడు మబ్బు లేదు, వాన లేదు. పిల్ల తల్లి ఊకుంటదా? చెంబు అడుక్కొని కుండ మీద నీళ్లు పోసి, కొత్తచీర కొంగుతోనే తుడిసింది. ఆడోళ్లంత "అయ్యో అయ్యో" అన్నరు.

"మాసిందా వదినె?" అన్నది అత్త.

"నీ కోడలు మా మగ్గాల మీద కూసుంటె మాకు బువ్వ దొరకదు పో" అని నవ్వి, ఆమె బియ్యం గంప ఎత్తింది.

అత్త ఒడి పట్టలే. నా రెక్క పట్టి ముందటికి గుంజింది.

"దీని ఒడిల పొయ్యి" అన్నది.