గొడ్ల కొట్టంలో రాగిపిండి

నేను తినే సంగటి మీద ఒట్టు. ఇందులో ఒక్క మాట కూడా కల్పించింది కాదు. నమ్మితే నమ్మండి... నవ్వుకుంటే నవ్వుకోండి. ఆ రాత్రి కొట్టం బయట మంచం వేసుకుని పడుకున్నది నేను. ఆ చప్పుడు విన్నది ఈ చెవులే.

మాది కన్నడ సీమలో, చాకవేలు దాటాక వచ్చే చిన్న తెలుగు ఊరు. ఊళ్ళోకి వచ్చే దారి పక్కనే నారెప్ప గొడ్ల కొట్టం ఉంది. దాని గోడలో నా భుజాల దాకా వచ్చే రాయి ఒకటి ఉంది. బయటి వైపు బొమ్మ చెక్కి ఉంటుంది. ఒక మనిషి కత్తి ఎత్తి నిలబడ్డాడు. కాళ్ళ దగ్గర ఆవులు. వీరగల్లు అంటారు దాన్ని. ఊరి ఆవులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డంపడి ప్రాణం విడిచినవాడికి నిలిపిన రాయి. తాతల కాలంలో ఎవరో దాన్ని చూసి, ఇంత గోడ ఊరికే వచ్చింది కదా అనుకున్నారు. అటూ ఇటూ మట్టిగోడ లేపి కొట్టం కట్టేశారు. లోపలి వైపు ఏటేటా సున్నం కొట్టారు. సున్నం మీద సున్నం. ఆవుల కోసం చచ్చినవాడి మీదే ఆవులను కట్టేశాం. ఇలాంటి పని మా ఊరివాళ్ళే చేయగలరు.

అది వీరగల్లని మాకు చెప్పింది గంగాధర మేష్ట్రు. పాతపాళ్య శాలెలో పిల్లలకు చదువు చెప్పి రిటైరైన మనిషి. పాత రాళ్ళు ఎక్కడున్నాయో వెతికి, ఆ ఊరివాళ్ళ చేతే కడిగించి నిలబెట్టిస్తాడు. మా ఊళ్ళో ఆయన వెంట చేరింది ఆడవాళ్ళమే. రాత్రిబడిలో కలిసి అక్షరాలు దిద్దినవాళ్ళం. నాకు యాభై దాటాకే అక్షరాలు వచ్చాయి, తెలుగూ కన్నడా రెండూ. ఆ తర్వాత ఊరుకోలేకపోయాను. ఎక్కడ ఏం రాసి ఉన్నా చదవాలి. కంపచెట్ల లోంచి రాళ్ళు బయటికి తీశాం. కొబ్బరిపీచుతో, ఉత్త నీళ్ళతో కడిగాం. అక్షరాలుంటాయని తోస్తే పిండి రుద్దుతాం. గుంటల్లో పిండి నిలిచి రాత పైకి తేలుతుంది. మొదటిసారి అలా తేలినప్పుడు నేను ఏడ్చేశాను. నాతో కలిసి దిద్దిన చౌడమ్మ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

రోడ్డు వెడల్పు చేయాలన్నారు. కొట్టం అడ్డం వచ్చింది. ఇంజనీరు మంచివాడే. విన్నాడు, చూశాడు.

"బొమ్మ ఒకటే ఉండే రాళ్ళు శానా ఉండాయమ్మా. దీన్ని చిక్కబళ్ళాపురం పంపించేస్తాము, అక్కడ షెడ్డులో భద్రంగా ఉంటాది. రాత ఉంటే చెప్పండి, పని ఆపి పాత రాళ్ళు చూసే ఇలాఖెవాళ్ళను పిలిపిస్తా. రేప్పొద్దున జేసీబీ వస్తాది."

మా ఆవుల కోసం చచ్చినవాడు ఎవరి షెడ్డులోనో ఎందుకు ఉండాలి?

ఆ మధ్యాహ్నమంతా రాత కోసం వెతికాం. నేను ఇంట్లో ఉన్న పిండి మూట కట్టుకుని వచ్చాను. రాగిపిండి. చౌడమ్మ పడీపడీ నవ్వింది.

"ఏమమ్మా, రాయికి సంగటి కెలకతావా?"

మేష్ట్రు కూడా నవ్వు ఆపుకోలేదు. "నల్లరాతి మీద రాగిపిండి యాడ కనపడతాదమ్మా? బియ్యప్పిండి తెప్పించండి."

బియ్యప్పిండితో బయటి వైపంతా రుద్దాం. బొమ్మ తప్ప ఏమీ లేదు. లోపలికి పోయాం. సున్నం మీద తెల్లపిండి ఏం కనిపిస్తుంది? టార్చి ఏటవాలుగా పట్టినా ఏమీ తేలలేదు.

"సున్నం గీకేద్దామా అప్పా?" అన్నాను.

"గీకితే రాత ఉన్నా పోతాదమ్మా. దానికి తెలిసినోళ్ళు రావల్ల" అన్నాడాయన. ముఖం వాడిపోయి ఉంది.

చీకటి పడుతుండగా నారెప్ప తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, బాగేపల్లిలో కూతురింటికి పోయాడు. నా రాగిపిండి మూట లోపల గూట్లోనే మరిచిపోయాను. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

జేసీబీ తెల్లారకముందే వస్తుందేమోనని మాకు భయం. మేష్ట్రు వచ్చేదాకా కాపలా ఉండాలని నేనూ చౌడమ్మా రాయి ముందర మంచాలు వేసుకున్నాం. కాసేపటికి వాళ్ళింటి నుంచి పిలుపు వచ్చింది. ఆవు ఈనేలా ఉందట.

"గమ్మున పండుకో. ఈనినాక జున్ను తెస్తా" అని పోయింది.

ఒక్కదాన్నే మిగిలాను. గాలి లేదు. కుక్కలు కూడా మొరగడం లేదు. ఎప్పుడో కన్ను మూతబడింది...

సర్...

కళ్ళు తెరిచాను. నక్షత్రాలు. ఏమీ లేదు.

సర్... సర్...

కొట్టం లోపలి నుంచి. గొడ్లను ఎప్పుడో అమ్మేశాడు నారెప్ప. లోపల ఏమీ లేదు. ఎలుక అనుకున్నాను. కానీ ఎలుక గీకుతుంది. ఇది గీకడం కాదు. అరచేయి... గోడ మీద అరచేయి నెమ్మదిగా జరుగుతున్నట్టు. మేము మధ్యాహ్నం రాయి మీద పిండి రుద్దినప్పుడు వచ్చిన చప్పుడే. ఈ చివర నుంచి ఆ చివరకు... ఆగడం. మళ్ళీ ఈ చివర నుంచి.

నాకూ ఆ చప్పుడుకూ మధ్య ఆ రాయి ఒక్కటే ఉంది.

లేచాను. టార్చి పట్టుకుని తలుపు దగ్గరికి పోయాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. పట్టుకుని లాగాను, రాలేదు. తలుపు సందులోంచి టార్చి వేశాను. చప్పుడు ఆగిపోయింది. నేల, గూటి అంచు కనిపించాయి. రాయి ఉన్న మూల ఆ సందుకు అందదు. టార్చి ఆర్పాను...

సర్...

అరవాలనుకున్నాను. చివరికి నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"ఎవురమ్మా?"

అమ్మా అని ఎందుకన్నానో నాకు తెలియదు. ఎవరప్పా అని కూడా అనొచ్చు కదా.

ఆగింది. తలుపుకు చెవి ఆనించాను. అప్పుడు...

టప్... టప్.

రెండు అరచేతులు తట్టుకున్న చప్పుడు. సంగటికి పిండి పోసినాక మనం చేతులు దులుపుకోమూ... అచ్చం అలాగే. పని అయిపోయినవాళ్ళు దులుపుకున్నట్టు.

ఆ తర్వాత చప్పుడు లేదు. నేను మంచం మీద రాయికి వీపు ఆనించి, మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. పరుగెత్తి పోవచ్చు. పోతే రాయికి కాపలా ఎవరు? పోలేదు. ఆ ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పుకుంటాను.

తెల్లవారింది. జేసీబీ వచ్చింది. మేష్ట్రు, ఇంజనీరు వచ్చారు. నారెప్ప మొదటి బస్సుకు దిగి తాళం తీశాడు. అందరికంటే ముందు నేనే లోపలికి పోయాను.

తెల్లటి సున్నం మీద... ఎర్రటి మట్టిరంగులో... వరుసలు వరుసలుగా అక్షరాలు.

రాగిపిండి. నల్లరాతికి పనికిరాని పిండి తెల్ల సున్నం మీద దిద్దినట్టు కనిపిస్తోంది. మాలో ఒక్కరికీ తట్టని సంగతి. పాత అక్షరాలు, మన అక్షరాలకు ముత్తవ్వల్లాంటివి. ఒకటీ రెండూ గుర్తుపట్టాను. మిగతాదంతా మేష్ట్రు ముక్కు ఆనించేంత దగ్గరగా నిలబడి, కూడబలుక్కుంటూ చదివాడు.

"ఆవులను విడిపించి చచ్చినాడంట. ఈ రాయి నిలిపింది... వాళ్ళక్క."

"ఆయమ్మ పేరేంది అప్పా?" అన్నాను.

ఆయన వేలు పెట్టి చూపించాడు. పేరు ఉండాల్సిన చోట బొక్క ఉంది. ఎవరో గొడ్డును కట్టేదానికి మేకు దిగ్గొట్టారు.

ఇంజనీరు మాటకు నిలబడ్డాడు. జేసీబీ వెనక్కి పోయింది. ఇలాఖెవాళ్ళు వచ్చి చూసి, ఫోటోలు తీసుకుని, కదిలించొద్దన్నారు. ఇప్పుడు మా ఊరి దగ్గర రోడ్డు కొంచెం వంగుతుంది. కండక్టర్లు "రాయి మలుపు, దిగండి" అని అరుస్తారు. ఆ అరుపు వినేందుకే నేను ఒక్కోసారి ముందు స్టాపు దాకా నడిచిపోయి బస్సెక్కుతాను. రాయి పక్కన బోర్డు ఉంది. దాని మీద తెలుగులో, కన్నడలో రాసింది నేనే. వంకరగా ఉందంటుంది చౌడమ్మ. ఉండనీ. నారెప్ప ఆ గోడకు మేకు కాదు, గుండుసూది కూడా గుచ్చనివ్వడు.

ఇక పిండి సంగతి. ఎలుకలు చల్లి ఉంటాయంటాడు నారెప్ప. చౌడమ్మ మాట వేరు.

"నిద్దట్లో నువ్వే లేసి రుద్దింటావు. నీకు అచ్చరాల పిచ్చి పట్టుండాది."

"తాళం ఎట్లా తీస్తినే?"

"అది నాకేం తెలుసు? నేను యాడ ఉంటి? ఆవు దగ్గర ఉంటి."

నా గోళ్ళలో ఆ పొద్దున రాగిపిండి ఉంది. కాదనను. కానీ రోజూ సంగటి చేసేదాని గోళ్ళలో ఎప్పుడు లేదు? మేష్ట్రును అడిగితే, "రాత నిజమమ్మా. పిండి సంగతి నాకు తెలీదు" అన్నాడు.

ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్తున్నాను. నా మూట గూట్లోనే ఉంది, సగం ఖాళీ అయి. మూతి మాత్రం కట్టి ఉంది. అది నేను వేసిన ముడి కాదు. నేనే కాదు, మా ఊళ్ళో ఎవరూ అలా ముడి వేయరు. కొస లోపలికి తిప్పి, చుట్టూ తెచ్చి, పువ్వులా...

మూట మా వంటింట్లో వేలాడుతోంది. విప్పలేదు. పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు వేరే గుడ్డపేలిక తీసుకుని ఆ ముడి వేసి చూస్తుంటాను. యాభై దాటాక అక్షరాలు నేర్చిన చేతులివి. ఆ ముడి మాత్రం... ఇంతవరకు పడలేదు.