పెద్దక్క చెయ్యి

ఆడవాళ్ల వార్డులో బీపీ మిషన్ మంచిదో కాదో తేల్చేది పెద్దక్క చెయ్యి. వార్డంతా పెద్దక్క అని పిలిచే ఆ హెడ్ నర్సు పొద్దున రాగానే పట్టీ తన చేతికే చుట్టుకుని బటన్ నొక్కేది. నూట ఇరవై మీద ఎనభై వస్తే మిషన్ మంచిది. రాకపోతే మిషన్‌కే జబ్బు. ఏళ్ల తరబడి ఆ చెయ్యి తప్పు చెప్పలేదు. అందుకని ఈ పద్ధతిని ఎవరూ ప్రశ్నించలేదు.

వార్డు గుమ్మం పక్కన నర్సులు దేవతలని రాసిన బొమ్మ ఒకటి వేలాడుతూ ఉంటుంది. దేవతలకు ఆకలి, దాహం, మోకాళ్లు ఉండవు. ముగ్గురి పని ఒకరికి అప్పగించడానికి అంతకంటే వీలైన బిరుదు లేదు. పెద్దక్క డ్యూటీలో మంచినీళ్లు తాగదు. తాగితే మధ్యలో వెళ్లాలి, వెళ్తే వార్డు చూసే దిక్కుండదు. అన్నం నిలబడే తింటుంది. సాయంత్రానికి కాళ్లు చెప్పుల్లో పట్టవు, పిక్కల మీద నరాలు తాళ్లలా తేలాయి. తలనొప్పిని ఆమె జబ్బుల్లో కలపదు. యూనిఫాంతో పాటు ఇచ్చారనుకుంటుంది.

ఆ సోమవారం మిషన్ నూట ఎనభై మీద నూట పది చూపించింది.

"పోయింది," అంది పెద్దక్క. మిషన్ స్టోరు గదికి చేరింది. మర్నాడు రెండోదీ అదే కూసి, మొదటిదానికి తోడు వెళ్లింది. ఆ మర్నాడు మూడోదీ అంతే.

అదే వార్డులో నర్సుగా ఉన్న ఆమె తమ్ముడి భార్య, మూడోదాన్ని తన చేతికి చుట్టుకుని చూసింది. నూట పది మీద డెబ్బై.

"నాకు బాగానే చూపిస్తోంది వదినా."

"నీ వయసులో వాళ్లకి పాడైన మిషన్ కూడా మర్యాదగానే చెబుతుంది. పట్టుకెళ్లి లోపల పడెయ్."

ఒకపక్క ఆడపడుచు, పైగా హెడ్ నర్సు. మరదలు రెండు హోదాలకూ కలిపి ఒకేసారి తలూపింది.

ఇక వార్డులో మిషన్ లేదు. బీపీ కోసమే చేరిన డ్రిల్లు టీచరుకు ఇది తెగ నచ్చింది.

"చూడ్డం మానేశాక హాయిగా ఉందమ్మా. నన్నింటికి పంపించెయ్."

"హాయిగా ఉంటే సరిపోదు టీచరుగారూ. వేళకి తినాలి, నిద్రపోవాలి, దేనికీ కంగారు..."

మాట పూర్తికాకుండానే పెద్దక్క మంచం కమ్మీ పట్టుకుంది. ముక్కులోంచి నెత్తురు కారి తెల్ల యూనిఫాం మీద పడింది. టీచరు కాళ్లు ముడుచుకుని చోటిచ్చింది.

"కూర్చో తల్లీ. దేనికీ కంగారు పడకూడదు."

మరదలు స్టోరుకు పరిగెత్తి మూడు మిషన్లూ చంకన పెట్టుకొచ్చింది. ఒకదాని తరవాత ఒకటి పెద్దక్క చేతికి చుట్టింది.

"పాడైనవి ఎందుకు తెచ్చావే?"

"మూడూ ఒకే అబద్ధం చెబుతున్నాయి వదినా. లోపల కూర్చుని కూడబలుక్కున్నాయేమో."

పెద్దక్క చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

కాసేపటికి, "తమ్ముడికి చెప్పకు," అంది.

"డాక్టరుగారికి చెప్పేశాను. మీ తమ్ముడికి మీరే చెప్పుకోండి."

టీచరు పక్క మంచమే ఖాళీగా ఉంది. పెద్దక్కను అందులో పడుకోబెట్టారు. మాత్ర వేళకు టీచరు గ్లాసుతో నీళ్లిచ్చి, అడుగు కనబడేదాకా కదలనివ్వలేదు.

మర్నాడు పొద్దున, మిషన్ సరిచూడడానికి ఒక చెయ్యి కావాలని మరదలు పట్టీ పట్టుకుని నిలబడింది. వార్డులో ఉన్న నర్సులందరూ చేతులు వెనక్కి కట్టుకున్నారు.